వేలాడే కొండ కింది బడి

ఛాయాపురం పొలిమేర చేరేసరికి రాజకుమారుడు సుధన్వుడికి జీను మీద నిటారుగా కూర్చునే ఓపిక కూడా లేకపోయింది. గుర్రం కుంటుతున్నది. ఎడమ భుజానికి కట్టిన గుడ్డ మళ్ళీ తడిసింది. వనస్థలి యువరాజుగా బయలుదేరినవాడు ఇప్పుడు నూలు పంచె, మాసిన కండువాతో ఊరూరా తిరిగే అయ్యవారి వేషంలో ఉన్నాడు. ఆ వేషం ఎంతగా ఒంటికి పట్టిందంటే, దారిలో నీళ్ళిచ్చిన గొల్లవాడు అతణ్ణి చూసి, "జీతాలు సరిగా ఇవ్వడం లేదా అయ్యవారూ?" అని జాలిపడ్డాడు.

సుధన్వుడు తలెత్తి చూశాడు. ఎదురుగా ఆకాశంలో కొండ వేలాడుతున్నది.

నల్ల ఏనుగుల మంద ఒకదాని వీపు మీదికొకటి ఎగబాకి అక్కడే గడ్డకట్టుకుపోయినట్టుంది ఆ కొండ. శిఖరం మీద మాంత్రికుడు వక్రజిహ్వుడి కోట బురుజులు పచ్చల రంగులో మెరుస్తున్నాయి. కోట చుట్టూ కందకం లేదు, మబ్బులున్నాయి. కొండ అంచుల నుంచి దూకిన జలపాతాలు నేలను చేరకముందే ఆవిరైపోతున్నాయి. ఆ ఆవిరిలో ఇంద్రధనుస్సు ఒకటి ఎప్పటికీ చెదరకుండా నిలిచి ఉంది. కొండ అడుగు నుంచి కొండచిలువల్లాంటి వేళ్ళు కిందికి జారుతున్నాయి. అన్నిటికన్నా పొడవైన వేరొకటి ఊరి చివరి బండరాళ్ళ నడుమ చిక్కుకుని ఉంది.

దాని కింద ఊరు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ఎండ పడదు. వరి పాలిపోయి ఉంది. కోళ్ళు పొద్దుగూకకముందే గూళ్ళలోకి పోతున్నాయి. ఊరి నడుమ ఉన్న రాజబడిలో నుంచి పిల్లల గొంతులు ఒకే రాగంలో వినిపిస్తున్నాయి.

"హ్రుం గ్రుం కొండ కుండ, కుండ కొండ గ్రుం హ్రుం..."

కుంభపురి రాజ్యంలో ప్రతి బడిలోనూ ఇదే పాఠం. దాన్ని కంఠపాఠం అంటారు. పాత రాజుగారి కాలంలో వక్రజిహ్వుడు రాజగురువుగా ఉండి తయారుచేసిన పాఠ్యక్రమం అది. పిల్లలు ఒక్క అక్షరం మార్చకుండా వల్లించాలి. వల్లిస్తేనే కొండ ఆకాశంలో నిలుస్తుంది, ఆపితే ఊళ్ళమీద పడుతుంది. అర్థం అడిగిన పిల్లల్ని ఆ ఊరికి కాపలా ఉన్న పరీక్షాభూతం వచ్చి కొండ మీదికి ఎత్తుకుపోతుంది.

రాజు పోయాక రాణి మందారవల్లి సింహాసనం ఎక్కింది. బడుల్లో పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలనీ, సొంతంగా ఆలోచించనివ్వాలనీ ఆమె శాసనం చేసింది. మాంత్రికుడికి భయపడి ఆ శాసనాన్ని మోయడానికి ఆస్థానంలో ఒక్కరూ ముందుకు రాలేదు. అతిథిగా వచ్చిన సుధన్వుడు, "నేను వెళ్తాను" అన్నాడు. రాణి తన ఉంగరాన్ని గుర్తుగా ఇచ్చి పంపింది. ఆ రోజు అతనికి అది రాక్షసుడితో యుద్ధం కన్నా తేలికైన పనిలా కనిపించింది.

కానీ పుప్పొడిగూడెంలో ఊరివాళ్ళు కర్రలతో తరిమారు. కలువపాడులో అయ్యవారు శాసనాన్ని కళ్ళకద్దుకుని, బారెడు ప్రశ్నలు తానే రాసి, వాటిని కూడా పిల్లల చేత వల్లెవేయించాడు. రేగుతోట బడిలో చదువు చెప్పే కేశవయ్య అనే యువకుడు మాత్రం చెప్పీ చెప్పకముందే విషయం అందుకున్నాడు. మరునాడే భూతం అతణ్ణి చంకన పెట్టుకుపోయింది. అడ్డంపడిన సుధన్వుడి భుజం చీరుకుపోయింది.

ఇది చివరి బడి. ఇక్కడా కాకపోతే ఉంగరం రాణికి తిరిగిచ్చేసి ఇంటికి పోదామని అతను దారంతా అనుకుంటూనే వచ్చాడు.

బడి గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి ఉంది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. కళ్ళ కింద నల్లటి వలయాలు. చేతిలోని బెత్తంతో గుమ్మం మీద తాళం కొడుతూ పాఠం నడిపిస్తున్నది. ఆమె సోమిదేవి, ఆ బడి పంతులమ్మ. రాణి ఉంగరం చూడగానే ఆమె మొహం మరింత వాడిపోయింది.

"తెలుసు బాబూ. రేగుతోట సంగతి విన్నాం. మా బడికి ఈ ప్రశ్నలొద్దు. ఈ పూట ఇంత అన్నం తిని పడుకో. రేపు పోదువుగాని."

"శాసనం రాణిగారిదమ్మా."

"శాసనం రాణిగారిదే. పిల్లలు మావాళ్ళు." ఆమె బెత్తం చప్పుడు ఆపలేదు. "ప్రశ్న అడిగే పిల్ల మా ఇంట్లోనే ఒకతి ఉండేది. చిత్రిణి. నా కూతురే. 'అమ్మా, కుండ అంటే ఏ కుండ? కొండలో కుండేమిటి?' అని అడిగింది. నవ్వాను కూడాను. ఆ సాయంత్రం పిల్ల లేదు. ఇప్పుడు ఈ పాతికమందినీ పొద్దున ఎట్లా వచ్చారో అట్లా ఇళ్ళకు పంపడం ఒక్కటే నా పని. ఇంకేమీ చెయ్యలేను. ఓపిక లేదు నాకు."

సుధన్వుడు గోడకు జేరబడి కిందికి జారి కూర్చున్నాడు.

"సరేనమ్మా. కాసేపు కూర్చోనివ్వండి చాలు."

ఆమె లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. భుజం కట్టు విప్పి, పసుపు అద్ది మళ్ళీ కట్టింది. ఆ కాసేపు బెత్తం చప్పుడు ఆగింది. పిల్లల పాఠం తడబడి సన్నగిలింది, కానీ ఆగలేదు.

పిల్లల ముందు చిన్న చిన్న ఇసుక కుప్పలున్నాయి. అక్షరాలు దిద్దే ఇసుక. ఒక్క పిల్ల మాత్రం ఇసుక వైపు చూడటం లేదు. కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని బయటికి చూస్తూ పెదాలు మాత్రం కదుపుతున్నది.

"ఏం చూస్తున్నావమ్మా?" అన్నాడు సుధన్వుడు.

పిల్ల ఉలిక్కిపడింది. పంతులమ్మ వైపు చూసింది.

"చెప్పవే ముత్యాలీ, ఏమీ అనను," అంది సోమిదేవి.

"గాల్లో వేలాడే ఆ చిన్న వేరు కొన చూస్తన్నానండి. గడ్డం ఇక్కడే పెట్టి చూస్తే సరిగ్గా ఈ అడ్డం ఊచకు ఆనినట్టుంటది. రోజూ చూస్తా."

"రోజూ ఎందుకు?"

"పాఠం చెప్పేటప్పుడు మరేం చెయ్యాల?"

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సుధన్వుడికి కూడా నవ్వొచ్చింది. నవ్వితే భుజం నొప్పిపుట్టింది.

"పాఠం ఆపితే కొండ పడుతుందంటారు కదా. మీలో ఎవరైనా చూశారా?"

"పడితే చూసేదానికి మేముంటామా?" అన్నాడు వెనక వరుసలోని తిప్పడు. వాడి నోరు పెద్ద, మనిషి చిన్న.

"మరి రాత్రిళ్ళు ఎవరూ పాఠం చదవరుగా. అప్పుడెందుకు పడదు?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "పగలు చదివింది రాత్రికి సరిపోద్దంట," అన్నాడొకడు, తాతగారి గొంతుతో.

"ఎవరు కొలిచారు?"

జవాబు లేదు. సోమిదేవి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆమె కూడా ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదని ఆమె మొహమే చెబుతున్నది.

ముత్యాలి మెల్లగా అంది. "ఆపి చూద్దామండీ? ఒక్క రవ్వ సేపు. నేను ఊచ దగ్గర నుంచి చూస్తా. వేరు కొన రవ్వంత దిగినా అరుస్తా. వెంటనే మళ్ళీ మొదలుపెడితే సరి. అంత తొందరగా పడిపోదు గదా, ఇంత పెద్ద కొండ."

"వద్దు," అంది సోమిదేవి.

"అమ్మా, మీరే చెప్పండి. ఎంతసేపైతే ప్రమాదం లేదనుకుంటారు?" అన్నాడు సుధన్వుడు.

ఆమె బెత్తాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దాకా వెళ్ళింది. బయట వేలాడే వేళ్ళ వైపు చూసింది. అటువైపు ఎక్కడో పైన తన బిడ్డ ఉండాలి, బతికి ఉంటే. చివరికి కళ్ళు మూసుకుని, "ఊఁ," అంది. "ఒక్క రవ్వ సేపు."

బడి నిశ్శబ్దమైంది. ఊరంతా ఆ నిశ్శబ్దం పాకింది. ఎక్కడో రోకలి చప్పుడు ఆగింది. కుక్క మొరిగి ఊరుకుంది.

ముత్యాలి ఒంటికన్నుతో చూస్తున్నది. దాని నోరు మెల్లగా తెరుచుకుంది.

"దిగలేదండీ! లేస్తంది! కొన ఊచ మీదికి ఎక్కింది!"

పిల్లలంతా కిటికీ మీద పడ్డారు. తిప్పడు ఎవరి భుజాల మీదికో ఎక్కాడు. నిజమే. వేరు కొన వేలెడు పైకి పోయింది. కొండ పడటం లేదు. పైకి పోవాలని చూస్తున్నది. ఇన్నేళ్ళుగా ఈ పాఠం దాన్ని మోయడం లేదు, కిందికి లాగిపట్టి ఈ ఊరి నెత్తిన ఉంచుతున్నది. రాత్రి చీకట్లో అది కాస్త లేచినా, పొద్దున పాఠం మళ్ళీ కిందికి దించుతున్నది.

సోమిదేవి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. "మేమే," అంది గొణుగుతున్నట్టు. "మేమే పట్టి ఉంచాం దాన్ని."

అప్పుడు నేల అదిరింది.

బడి ముంగిట మట్టి చిత్తడై, కుంభాకారంగా పొంగి, పగిలింది. అందులో నుంచి పరీక్షాభూతం లేచింది. పచ్చి కుమ్మరి మట్టితో చేసినట్టున్న శరీరం. తాటిదుంగల్లాంటి చేతులు. కళ్ళు లేవు. తలకు ఇరువైపులా చేటలంత చెవులు, వాటి వెనక ఇంకా చెవులు, మెడ మీద చెవులు, మోకాళ్ళ మీద చెవులు. నోరు మాత్రం ఒక్కటే. అది ఒక్క మాటే పలికింది.

"చెప్పు!"

ఆ కేకకు పైకప్పు నుంచి గడ్డి రాలింది. సోమిదేవి ఒక్క ఉదుటున పిల్లలకు అడ్డంగా నిలిచి బెత్తం గోడకేసి కొట్టింది. "చదవండి! అందరూ! హ్రుం గ్రుం కొండ కుండ..."

భయంతో పిల్లలు అందుకున్నారు. భూతం ఆనందంతో గుర్రుమంది. ప్రతి అక్షరానికీ దాని ఒళ్ళు నిగనిగలాడుతూ పెరిగింది. గుమ్మాన్ని ఊడబెరికి లోపలికి తల దూర్చింది. పాఠం మీద మొదట ప్రశ్న లేవదీసిన గొంతు ఎవరిదో దానికి తెలుసు. అది సుధన్వుడి వైపే తిరిగింది.

సుధన్వుడు కండువా కింద దాచిన కత్తి దూసి బయటికి దూకాడు. పన్నెండేళ్ళు గురువు దగ్గర నేర్చిన విద్య. కుడికాలు ముందుకు వేసి మొదటి వేటు ఎత్తాడు.

"గరుడపాతం," అంది భూతం, విసుగ్గా. చెయ్యి అడ్డం పెట్టింది.

అతను వెంటనే వాటం మార్చాడు.

"నాగబంధం," అంది భూతం. ఆ వేటూ మట్టిలో కూరుకుపోయింది.

"సింహలంఘనం. తరవాత ఎడమకు తిరుగుతావు. తరవాత మోకాలు." అతని చెయ్యి లేవకముందే అది పేర్లు చెబుతున్నది. గురువుగారి గొంతుతోనే చెబుతున్నది. అప్పుడు సుధన్వుడికి అర్థమైంది. కత్తి పట్టి తాను ఇన్నాళ్ళూ చేసింది కూడా వల్లెవేయడమే. సొంతంగా ఒక్క వేటు కూడా తనకు రాదు. ఆ ఆలోచన పూర్తికాకముందే భూతం కత్తిని పట్టుకుని విరిచేసింది. మొండి పిడితో అతను బడి గోడకు తగిలి కిందపడ్డాడు. భుజం కట్టు తెగి నెత్తురు కారింది. 

భూతం అతని మీదికి వంగింది. "చెప్పు!"

"నీకు ఇన్ని చెవులెందుకు?"

ఆ గొంతు సన్నగా, కీచుగా వచ్చింది. ముత్యాలి గుమ్మం బయట నిలబడి ఉంది. అక్కడి నుంచి కదల్లేదు.

భూతం ఆగింది. చెవులన్నీ ఆ పిల్ల వైపు తిరిగాయి. తను విన్నవాటిలో ఆ మాట ఉందేమోనని వెతుకుతున్నట్టు దాని కడుపులో నుంచి వేల గొంతులు గుసగుసలాడాయి. "పాఠంలో లేదు," అంది చివరికి. "పాఠంలో లేదు." మళ్ళీ కదలబోయింది.

"నీకు అమ్మ ఉందా?" అని అరిచాడు తిప్పడు.

అది మళ్ళీ ఆగింది. ఇంకాస్త వంగింది.

"నిద్రపోతావా?"

"వానలో తడిస్తే కరిగిపోవా?"

"నీకు చదువు చెప్పిందెవరు?"

ఒక్కొక్క ప్రశ్నకూ అది ఒక్కొక్కసారి ఆగుతున్నది. దాని ఒంటి మీద తడి ఆరుతున్నది. కానీ ఆగిన ప్రతిసారీ మునుపటికన్నా తొందరగా తేరుకుంటున్నది.

అప్పుడు సోమిదేవి బయటికి వచ్చింది. ఆమె చేతిలో బెత్తం లేదు. భూతం ముందు నిలబడి, నిదానంగా, అలసిపోయిన గొంతుతో అడిగింది.

"నా బిడ్డ ఏది?"

భూతం కడుపులో గుసగుసలు ఆగిపోయాయి. దాని నోరు తెరుచుకుంది. అందులో నుంచి వచ్చిన గొంతు దానిది కాదు. పదేళ్ళ ఆడపిల్లది.

"కేశవయ్యగారూ, మీరూ వచ్చారా? ఇక్కడ వేళ్ళ పక్క గదిలో ఉన్నాం. చాలామందిమి ఉన్నాం. కిటికీలో నుంచి చూస్తే మా అమ్మ బడి కనపడుతుంది. అమ్మకు చెప్పేదెట్లా?"

సోమిదేవి రెండు చేతులతో నోరు మూసుకుంది. భూతం తన చెవులకు చేరిందే చెబుతుంది, కొండ మీది మాటలైనా సరే. కేశవయ్యను ఎత్తుకుపోయి కొద్ది రోజులే అయింది. అంటే చిత్రిణి బతికే ఉంది.

"అయ్యవారూ!" గోడవార నుంచి ముత్యాలి పాక్కుంటూ సుధన్వుడి దగ్గరికి వచ్చింది. "దానికి కళ్ళు లేవు. తెలియని మాట వినపడితే బాగా వంగి, చెవులు ఇంతింత చేసి పెడతంది. చూశారా?"

"చూశాను."

"చెవుల్లో ఏమన్నా పోస్తే?"

సుధన్వుడు ఆ పిల్ల వైపు చూశాడు. తరవాత బడిలోపలి ఇసుక కుప్పల వైపు చూశాడు. పిల్ల అప్పటికే లోపలికి పరుగెత్తింది.

పాతికమంది పిల్లలు ఒళ్ళలో, గుప్పిళ్ళలో, టోపీల్లో ఇసుక నింపుకుని చప్పుడు కాకుండా గోడ మీదికి, చూరు మీదికి ఎక్కారు. సుధన్వుడు గోడ పట్టుకుని లేచాడు. ఇప్పుడు ఏదైనా అడగాలి. కొత్తది, ఎవరూ ఎవరినీ అడగనిది. రాజనీతిలో, యుద్ధవిద్యలో, కావ్యాల్లో చదివిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చాయి. అవన్నీ దానికి తెలిసినవే. చివరికి తనకు నిజంగా ఏది అనిపిస్తున్నదో అదే అడిగాడు.

"ఊరూరా తిరిగి ఒకటే మాట అడిగి అడిగి నాకు విసుగు పుట్టింది. నీకు పుట్టలేదా?"

భూతం నిలిచిపోయింది. దాని చెవులన్నీ చేటల్లా విచ్చుకున్నాయి. ఆ మాటను మళ్ళీ వినాలన్నట్టు అది మోకాళ్ళ మీద కూర్చుని, తల బడి చూరు దాకా వంచింది.

"పొయ్యండి!" అని అరిచాడు తిప్పడు.

ఇసుక జలజలా కురిసింది. తల మీది చెవుల్లో, మెడ మీది చెవుల్లో, మోకాళ్ళ మీది చెవుల్లో. భూతం లేచి గిరగిరా తిరిగింది. "చెప్పు! చెప్పు!" అంటూ నాలుగు దిక్కులకూ చేతులు చాచింది. ఎవరూ పలకలేదు. పలికినా దానికి వినపడదు. దాని ఒళ్ళు తెల్లబారింది. పగుళ్ళు కాళ్ళ నుంచి నడుముకు, నడుము నుంచి గొంతుకు పాకాయి. ఆఖరి "చెప్పు" సగంలో విరిగి, అంత పెద్ద ఆకారమూ బడి ముంగిట మట్టిగడ్డల కుప్పై కూలింది.

పిల్లలు కేకలు వేయబోయారు. కానీ అంతకన్నా పెద్ద చప్పుడు ఆకాశంలో పుట్టింది.

ఆ భూతమే కొండను ఈ ఊరికి కట్టిన గుంజ. గుంజ విరిగింది. వేలాడే కొండ ఒక్క మూలుగు మూలిగి పైకి లేచింది. జలపాతాలు పక్కకు ఊగాయి. ఇంద్రధనుస్సు రెండు ముక్కలైంది. కొండ అంచు కింది నుంచి ఎండ ఊళ్ళోకి దూకింది. పాలిపోయిన వరి మీద, గడ్డి కప్పుల మీద, బావి నీళ్ళ మీద బంగారం పోసినట్టు పడింది. గూళ్ళలో ముడుచుకున్న కోళ్ళు బయటికొచ్చి కంగారుగా కూశాయి.

కర్రలు పట్టుకుని ఊరిపెద్ద సన్నాసయ్య, వెనక నలుగురు పరుగెత్తుకొచ్చారు. "పాఠం ఆపిందెవరు? ఊరిని చంపుతారా?" అని అరుస్తూ వచ్చిన సన్నాసయ్య ఎండలో అడుగుపెట్టగానే ఆగిపోయాడు. కర్ర జారిపోయింది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, తన నీడను తానే వింతగా చూసుకుంటూ నిలబడిపోయాడు.

"వేరు! వేరు చూడండి!" అన్నాడు తిప్పడు.

బండరాళ్ళ నడుమ చిక్కుకున్న పెద్ద వేరు వీణ తీగలా బిగుసుకుంది. కొండ లాగుతున్నది, రాళ్ళు వదలడం లేదు. నేల పగుళ్ళిచ్చింది. ఒక చీలిక పాములా మెలికలు తిరుగుతూ బడి వైపే వస్తున్నది. వేరును తెంపకపోతే ఆ బండరాళ్ళతోపాటు సగం ఊరు లేచిపోతుంది.

సుధన్వుడు విరిగిన కత్తి పిడి పట్టుకుని పరుగెత్తాడు. అతనికన్నా ముందే సోమిదేవి అక్కడ ఉంది. చీర కుచ్చెళ్ళు నడుముకు దోపుకుని, వేరు పైభాగాన్ని చేతులతో చుట్టేసింది.

"దిగండమ్మా! నేనెక్కుతాను."

"ఆ భుజంతోనా? మనిషెత్తు కూడా పోలేవు." ఆమె అప్పటికే రెండు బారలు ఎక్కింది. "అయినా మా పిల్ల నీ గొంతు గుర్తుపట్టదు బాబూ. నరుకు."

"పైన వక్రజిహ్వుడున్నాడు."

"ఉండనీ. వాడికి నేనెవరో తెలీదు. పాఠాలు సరిగా వల్లిస్తున్నారా అని చూడటానికి వచ్చిన పంతులమ్మనంటాను. ఇన్నేళ్ళూ వాడి పని చేసినదాన్నే. ఆ మాటలో అబద్ధమేముంది?"

నేల మళ్ళీ కదిలింది. సుధన్వుడు మొండికత్తి ఎత్తాడు. ఎత్తి ఆగాడు.

"ఈ పిల్లలో?"

"నువ్వున్నావుగా."

"నాకు చదువు చెప్పడం రాదమ్మా. శాసనం మోసుకు తిరగడమే వచ్చు."

"నాకు మాత్రం వచ్చా? నేను చెప్పింది చదువేనా?" ఆమె కిందికి చూసింది. ఆ మొహంలో అలసట అలాగే ఉంది. కానీ చేతులు మాత్రం వేరును గట్టిగా పట్టుకున్నాయి. "వేళకు అన్నం పెట్టించు. తిప్పడు ఆకలైతే అల్లరి చేస్తాడు. నరుకు, బాబూ!"

అతను నరికాడు. గరుడపాతం కాదు, నాగబంధం కాదు. కట్టెలు కొట్టేవాడిలా, పళ్ళు బిగబట్టి, ఎట్లా పడితే అట్లా నరికాడు. పీచు పీచుగా వేరు తెగింది. చివరి పోగు ఫట్‌మని విడిపోగానే అతను వెల్లకిలా పడ్డాడు. కొండ ఆకాశంలోకి దూసుకుపోయింది. దాని అడుగున వేలాడుతున్న వేరు చివర సోమిదేవి చీర కొంగు రెపరెపలాడింది. చూస్తుండగానే ఆమె పిట్టంతయింది. తరవాత చుక్కంతయింది. ఆ చుక్క మాత్రం ఆగకుండా పైకి పాకుతూనే ఉంది.

కొండ మబ్బుల్లో కలిసిపోతుందనే అనుకున్నారంతా. కానీ తాడు బిగిసినట్టు ఒక కుదుపుతో ఆగింది. గాలి తూర్పు నుంచి వీచింది. ఆ గాలిలో దూరంగా రేగుతోట బడి పిల్లల గొంతులు.

"హ్రుం గ్రుం కొండ కుండ..."

కొండ మెల్లగా అటువైపు జరగసాగింది.

సుధన్వుడు లేచి బడి అరుగు మీద కూలబడ్డాడు. నిద్ర కళ్ళ మీద రాయిలా పడుతున్నది. సన్నాసయ్య ఎవరినో పిలిచి భుజానికి ఆకు పసరు కట్టించాడు. పిల్లలు చుట్టూ చేరారు.

తిప్పడు చాలాసేపటి నుంచి ఆకాశం వైపే చూస్తున్నాడు. "అయ్యవారూ, రేగుతోట భూతాన్ని కూడా చంపేస్తే కొండ ఇంకా పైకి పోద్ది గదా?"

"పోతుంది."

"అన్ని ఊళ్ళలో చంపేస్తే ఇక కనపడదు. మరి మా పంతులమ్మ ఎట్లా దిగిద్ది? చిత్రిణక్క ఎట్లా దిగిద్ది?"

చంపకపోతే రేగుతోట పిల్లలు భూతం కాళ్ళ కింద ఉంటారు. చంపితే పైనున్నవాళ్ళు ఆకాశంలో కలిసిపోతారు. రాణి మందారవల్లి శాసనంలో దీనికి జవాబు లేదు. గురువు దగ్గర నేర్చిన ఏ శాస్త్రంలోనూ లేదు.

"నాకు తెలీదురా," అన్నాడు సుధన్వుడు.

తిప్పడు కాసేపు అతని మొహంలోకి చూసి, "సరే అయితే" అంటూ పక్కన కూర్చున్నాడు.

ముత్యాలి మట్టిగడ్డల మధ్య చెల్లాచెదురైన ఇసుకను అరచేతులతో దగ్గరికి లాగింది. చదును చేసింది. వేలితో కొండ గీసింది, దాని కింద వేళ్ళు గీసింది, దూరంగా రేగుతోట బడి గీసింది. "భూతాన్ని చంపకుండా చెవులు మాత్రం మూస్తే?" అంది ఒక పిల్ల. "అప్పుడు పాఠం వినపడక చచ్చిపోద్దిగా." "రవ్వంత వినపడేట్టు మూద్దాం." "రవ్వంత అంటే ఎంత?" అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. సుధన్వుడు నిద్ర ఆపుకుంటూ, వాళ్ళ తలల మధ్య నుంచి ఇసుకలోకి వంగి చూశాడు.

తూర్పున పొలాల అవతల నేల దడదడలాడింది. ఒకదాని వెనక ఒకటి, భూతాల బరువైన అడుగులు. మాంత్రికుడికి కబురు అందినట్టుంది. అడుగుల అదురుకు ఇసుక జారి, గీసిన కొండ చెదిరిపోయింది.

ముత్యాలి కింది పెదవి కొరుక్కుని, మళ్ళీ చదును చేసి, గీయడం మొదలుపెట్టింది.